దెబ్బ తగలని నేల

ఎండలకు భయపడి పిల్లలను బయటికి వదలడం మానేసి తొమ్మిదేళ్లయింది. వాళ్ల ఆటలన్నీ ఇప్పుడు చల్లటి ఆటశాలల్లోనే. ఇళ్లలోనూ అదే మెత్తటి నేల పరుచుకున్నారు. బండి గుమ్మందాకా వచ్చి పిల్లలను ఎక్కించుకుపోతుంది. ఆ ఆటశాలలను తనిఖీ చేసే ఉద్యోగం తవుడమ్మది.

ఆమె ఇసుక నింపిన గుడ్డబొమ్మను జారుడుబల్ల పైనుంచి తోసింది. బొమ్మ తగిలేలోపే నేల వెన్నలా మెత్తబడి దాన్ని పట్టుకుంది. గోడమీద పచ్చదీపం వెలిగింది.

"సూసారా అమ్మా, ఇన్నేళ్లలో ఒక్క పిల్లకీ మోకాలు గీరుకుపోలేదు," అన్నాడు యజమాని దాలినాయుడు.

"బొమ్మ సంగతి సరే నాయుడూ, పిల్లల్ని సూడనీ."

పిల్లలు పరుగెత్తుతున్నారు, పడుతున్నారు. పడేటప్పుడు ఒక్కరూ చేతులు ముందుకు పెట్టడం లేదు. ఆ ఇసుకబొమ్మలాగే ముఖం మీద పడి, పకపకా నవ్వుతున్నారు.

"ఈళ్లకి పడ్డం రాదయ్యా!"

"పడ్డం కూడా నేర్పాలేటండీ? భలేవోరే! మీ మనవరాలూ ఇక్కడే ఆడతాది కదా."

తనిఖీ పత్రంలో ఆ లోపం రాయడానికి గడి లేదు. అన్నీ పచ్చదీపాలే. ఆమె వేలిముద్ర వేసి, బొమ్మను చంకనెత్తుకుని బయటి సిమెంటు మెట్లు దిగింది.

"అమ్మమ్మా!"

పై మెట్టు మీద మనవరాలు నైనిక. బండి కోసం ఆగకుండా, రెండు చేతులూ వెనక్కి చాచి పరుగందుకుంది.

తవుడమ్మ బొమ్మను విసిరేసి మెట్లెక్కుతూ అరిచింది. "సేతులు! సేతులు ముందుకెట్టు తల్లీ!"

పిల్ల నవ్వుతూనే ఉంది. కాలు జారుతున్నా నవ్వుతూనే ఉంది.