కఫీల్ కావాలి

తలుపు తోసుకొని లోపలికి వస్తూనే చిన్నక్క అడిగేసింది.

"బాషా, ఉద్యోగం చాలించిన ఆడమనిషి, అరవై దాటినాది, పరాయి దేశంలో ఉండిపోవల్లంటే ఎట్లప్పా?"

కువైట్‌లోని ఫర్వానియాలో అన్వర్ బాషా టైపింగ్ సెంటర్ అంటే మనవాళ్ళకు పుట్టింటి లెక్క. బాషాదీ చిన్నక్కదీ రాయచోటే. వీసా కాగితాలు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఊరి సంగతులన్నీ చెప్పుకొని, చాయ్ తాగితే గానీ కదలరు. ఆ వారం రూపాయి పడిపోయింది. దినారుకు ఎన్నడూ చూడనంత రేటు. పక్కనున్న ఎక్స్చేంజ్ ముందు వరస రోడ్డు దాకా సాగింది. అందరివీ పెళ్ళివారి మొహాలే, చిన్నక్కది తప్ప.

ఆమె బాధ వేరు. గల్ఫ్ యుద్ధం అయిపోయిన ఏడాది వచ్చి మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఆమె ఇంట్లో పనికి కుదిరిందా, ఇక ఆ గడప మారలేదు. యజమానురాలిని అక్కడ మామా అంటారు. మామా ఉద్యోగం చాలించి పింఛను మీద ఉంది, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్న ఒక్క తమ్ముడు పండక్కి వచ్చి, ఖర్జూరం డబ్బా చేతిలో పెట్టి పోతాడు. ఆడవాళ్ళిద్దరూ పొద్దున్నే పోట్లాడుకుంటారు, మధ్యాహ్నానికి ఒకే పళ్ళెంలో తింటారు. కూరలో కారం ఎక్కువైందని మామా అరుస్తుంది. తగ్గితే ఇంకా గట్టిగా అరుస్తుంది.

ఇప్పుడేమో చిన్నక్క మోకాళ్ళు అరిగిపోయాయి. మేడ మెట్లు ఎక్కలేక వచ్చే నెలతో పని మానేస్తోంది. పని పోతే ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, పోతుంది. ఇఖామా పోతే ఇద్దరిదీ చెరో దేశం. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ ఆ ఇంట్లో పోట్లాట కూడా లేదు. దాంతోనే చిన్నక్కకు బెంగ పట్టుకుంది. ఎట్లాగైనా ఇద్దరూ ఒకచోట ఉండే దారి వెతకాలి.

బాషా కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్నాడు.

"ఏందక్కా, ఊర్లో మేడ కట్టిస్తివి. పోయి కాళ్ళు చాపుకోని కూచోక, ఇంకా ఈ ఇసక గాలే కావాల్నా నీకు?"

"మేడ ఉండాది కాబట్టే గదా నాకీ ధైర్యం! అడిగిందానికి చెప్పు."

"సరే విను. పని లేనోళ్ళను ఊరికే ఉండనీరు. విజిట్ మీద వస్తే గడువు కాంగానే పోవాల, మళ్ళా రావాల."

"ఈ వయసులో అన్నిసార్లు విమానాలు ఎక్కి దిగాల్నా? కాని పని. అది సరే, దినార్లనే నమ్ముకోని ఉండిపోయినాక, రేపు దినారు పడిపోతే?"

బాషా పగలబడి నవ్వాడు. మూల కూర్చొని చాయ్ తాగుతున్న వఫ్రా తోటల్లో పనిచేసే రామాంజనేయులుకు పొలమారింది.

"కువైట్‌లో రొట్టె కొనుక్కునేదానికి రేటుతో పనేముందక్కా? దినారుకు దినారే!"

"నీకు తెల్దులే. ఇంకో దారి చెప్పు."

"ఒగటే దారి. కఫీల్ ఉండాల. సొంత ఇల్లున్న మనిషి, ఈమె పూచీ నాది, కూడూ గుడ్డా మందూ మాకూ నేనే చూసుకుంటా అని సంతకం పెట్టాల. ఊరికే ఎవురు పెడతారు?"

చిన్నక్క మొహం విప్పారింది.

"అంతేనా?"

"అంతేనా అంటాండావే! అట్లాంటి కఫీల్ దొరకాలంటే పెట్టి పుట్టాల. మీ మామా పెడతాదా సంతకం?"

"మామా యాడ పెడతాదప్పా!"

"మరి ఇంకెవురు? నమ్మకమైన మనిషేనా? రేపు కోపమొస్తే పాస్‌పోర్టు దాచిపెట్టుకుంటే?"

"కోపం రోజూ వస్తాది. దాచిపెట్టేది మాత్రం ఉండదు."

"యల్లా, పేరు చెప్పు, కొడతా," అంటూ బాషా కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

చిన్నక్క బయటికి పోయి, నీడపట్టున నిలబడి ఉన్న మామాను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, "రాయచోటికి వచ్చి ఉండిపోయేది ఈమె, కఫీల్ పేరు చిన్నక్క అని కొట్టు," అంది.