వెంటిలేటరుతో పేచీ

రాఘవులు గారు వెంటిలేటరుతో పేచీ పెట్టుకున్నారు.

అది గాలి ఊదితే ఈయన తీసుకోరు. అది ఆగితే ఈయన పీలుస్తారు. వెంటనే అలారం.

న్యుమోనియాతో ఐసీయూలో చేరి ఆరో రోజు. భార్య జ్ఞానప్రసూనకి ఇందులో వింతేమీ కనిపించలేదు. జీపీఎస్ ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పి, చివరికి అదే విసిగి నోరు మూసుకునేదాకా, తాముండే ఊరు కమ్మింగ్ నుంచి పక్క రాష్ట్రం టెన్నెసీ సరిహద్దు వరకూ కారు తోలిన ఘటం ఆయన.

“నలభై రెండేళ్లు నాతో పడింది చాలక, ఇప్పుడు దీంతోనా?” అంటూ ఆయన చెవిలో ఐపాడ్ తీగ సర్దింది.

డాక్టర్ మనోహర్ లోపలికొచ్చాడు. తెలుగువాడే, కొడుకు వయసు.

“పాటలా ఆంటీ?”

“పాటలెక్కడివి నాయనా! ఆయన గొంతే. మా బేస్‌మెంట్‌లో ఆదివారం క్లాసు చెప్పేవారుగా, ఎవరో రికార్డ్ చేసిచ్చారు.”

“గుడ్. తెలిసిన గొంతు వింటే పేషెంట్‌కి ధైర్యం. మీరూ విన్నారా?”

“నేనా! పదేళ్లుగా ఆయన కింద క్లాసు చెబుతుంటే, నేను పైన ముప్ఫై మందికి ఉప్మా కలుపుతున్నా. అయినా ఆ గొంతు ఇంట్లో విన్నది చాలదూ?”

మనోహర్ నవ్వబోయి ఆగాడు.

“ఆంటీ, రాత్రిళ్లు అంకుల్ మెషీన్‌తో చక్కగా కలిసి ఊపిరి తీస్తున్నారు. పగలే ఫైట్ చేస్తున్నారు. ఫైట్ చేస్తే మత్తు పెంచాలి. మత్తు పెంచితే ట్యూబ్ తీయలేం. రేపు పొద్దున మత్తు తగ్గించి చూస్తా. కుదురుగా ఉంటే తీసేస్తాం.”

“లేకపోతే?”

అతను మానిటర్ వైపు తిరిగాడు. “లంగ్స్ బాగా అలిసిపోయాయి ఆంటీ.”

పగలే. అంటే తను ఉన్నప్పుడే. అనుకుంది జ్ఞానప్రసూన. నా మొహం చూస్తేనే ఈయనకి పేచీ అన్నమాట! రోజూలాగే రాత్రి ఎనిమిదింటికి ఐపాడ్ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని ఇల్లు చేరింది.

మర్నాడు ఆయనకి కనిపించకుండా కుర్చీ తలవైపుకి జరుపుకుంది. నోరెత్తలేదు. ధైర్యానికని ఐపాడ్ సౌండ్ మాత్రం రెండు గీతలు పెంచింది.

మత్తు తగ్గింది. కనురెప్పలు కదిలాయి. పది నిమిషాలు బుద్ధిగానే ఉన్నారు. తర్వాత మొదలైంది. అలారం మీద అలారం. నర్సులు పరుగెత్తుకొచ్చారు.

“అంకుల్, మెషీన్ ఇచ్చింది తీసుకోండి. ప్లీజ్ అంకుల్!” బతిమాలాడు మనోహర్.

ఆయన ఎవరి మాట విన్నారు గనక! మళ్లీ మత్తు పెంచక తప్పలేదు.

ఆ మత్తులోంచి లేవలేదు. మూడో రోజు పోయారు.

కర్మకాండలు అయ్యాయి. క్లాసు జనమంతా వచ్చి, కళ్లు తుడుచుకుని, వెళ్లిపోయారు. ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు. జ్ఞానప్రసూన బేస్‌మెంట్‌లోకి దిగి, ఆయన చాప మీద కూర్చుంది. పోట్లాడ్డానికైనా ఆ గొంతు కావాలనిపించింది. తీగ తన చెవిలో పెట్టుకుంది.

“పీల్చండి... ఆఁ, ఇక బిగబట్టండి, పక్కన ఎవరెంత గోల చేసినా సరే, నేను పదహారు లెక్కపెట్టేదాకా ఊపిరి వదలొద్దు,” అంటున్నారు రాఘవులు గారు.