ముక్కు మేస్త్రి

“మేస్త్రీ గారూ, వాసన పోలేదు.”

మందుల షాపావిడ కారు దిగుతూనే అన్న ఆ మాటకి ముక్కు మేస్త్రికి తల కొట్టేసినంత పనైంది. ఆవిడ ఈ వాసన గొడవతో రావడం ఇది మూడోసారి. వెనక సీట్లో ఆవిడ కూతురు, బడికెళ్ళే పసిపిల్ల, వాడిపోయిన ముఖంతో కిటికీకి ఆనుకుని కూర్చుంది.

“దారిలో మళ్ళీ వాంతి చేసుకుంది. ఆ పెట్రోలు కంపు దానికి పడటం లేదు. మీరు లేదన్నారంటే ఉండదులే అన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ తిప్పాను.”

ఆ ధైర్యమే మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది.

జనం ఆయన్ని ముక్కు మేస్త్రి అనడం ఊరికే కాదు. బోనెట్ ఎత్తి ఒక్కసారి గాలి పీలిస్తే చాలు, మాడింది క్లచ్చా, వైరా, కారేది ఆయిలా, రేడియేటర్ నీళ్ళా ఇట్టే చెప్పేస్తాడని పేరు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు కూడా అంతుచిక్కని బండ్లని ఆయన మీదికే తోలేస్తారు.

అలాంటివాడు ఈ కారుని రెండుసార్లు వెనక్కి పంపాడు. రెండుసార్లూ తల దూర్చి, కళ్ళు మూసుకుని, గుండెనిండా గాలి పీల్చి, “ట్యాంకు నిండుగా కొట్టించారు, అంతేనమ్మా” అని చేతులు దులుపుకున్నాడు. ఒక్క పైపు తడిమిన పాపాన పోలేదు. అప్పుడు భార్య కూడా ఊళ్ళో లేదు, చెల్లెలి కాన్పుకని వెళ్ళింది. ఉంటే ఆవిడైనా గడ్డిపెట్టేది.

పెట్రోలుతో ఆటలా? ఒక్క నిప్పురవ్వ చాలు. నిన్నటిదాకా ఏమీ కాకపోవడం ఆ పిల్ల అదృష్టమే తప్ప తన గొప్పతనం కాదు.

“పాపని దించండమ్మా. సంగతేంటో తేలేదాకా ఈ బండి కదలదు” అన్నాడు.

బ్యాటరీ వైరు ఊడదీశాడు. పైపులన్నీ ఒక్కొక్కటే వేళ్ళతో తడిమాడు. తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డని వెలుతురులో పెట్టి చూశాడు. పొడిగానే ఉంది. కారు కిందికి దూరాడు. అక్కడా తడి లేదు.

“స్టార్ట్ చేయగానే వస్తుందామ్మా, పోతుంటే వస్తుందా?”

“మలుపుల్లో ఎక్కువ. ట్యాంకు నింపిన రోజైతే ఇక చెప్పక్కర్లేదు.”

అంతలో భార్య టీ గ్లాసులతో వచ్చింది. షెడ్డు వెనకే ఇల్లు. ఒకప్పుడు గ్రీజు మరకంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, మేస్త్రి జ్వరంపడి లేచినప్పటి నుంచి బండి వస్తే చాలు, టీ పట్టుకుని దిగిపోతోంది. వచ్చి ఊరుకుంటుందా? బండి చుట్టూ ఓ చుట్టు తిరిగి ఓ ఉచిత సలహా పారేస్తుంది. పనివాళ్ళు నవ్వుకుంటారు. మేస్త్రికి చిన్నతనంగా ఉంటుంది గానీ, ఇవాళ ఆవిణ్ణి ఏమైనా అనే మొహం తనకెక్కడిది?

“అమ్మో!” ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “ముందు బానే ఉంది గానీ, ఈ వెనక సీటు దగ్గర తల దిమ్మెక్కిపోతోందండీ.”

“ఆఁ, నేనూ అదే చూడబోతున్నా. నువ్వెళ్ళు” అని కసిరాడు.

వెనక సీటు పైకెత్తాడు. దాని కింద కార్పెట్, కార్పెట్ కింద ట్యాంకులోని పెట్రోలు పంపుకి ఉండే మూత. మూత చుట్టూ దుమ్ము తడిసి నల్లటి ముద్దయి ఉంది. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు ఒకచోట పగిలింది. ట్యాంకు నిండుగా ఉండి కారు మలుపు తిరిగితే చాలు, ఆ పగులులోంచి పెట్రోలు పైకొస్తోంది. సరిగ్గా పిల్ల కూర్చునే చోటు కిందే.

మేస్త్రి ఆ పగిలిన రింగుని ఊడబీకాడు.

కొత్త రింగు వేశాడు. మూత బిగించాడు. తడిసిన కార్పెట్ పీకి పారేసి, తలుపులన్నీ బార్లా తెరిచి ఆరనిచ్చాడు. ట్యాంకు నింపించి ఓసారి తిప్పి చూద్దామని స్టీరింగు ముందు కూర్చునేసరికి భార్య తయారు.

“నేనూ వస్తా. మీతో కారెక్కి ఎన్నాళ్ళయిందో!”

అంత ముచ్చటపడ్డ మనిషి, పక్క సీటు ఖాళీగా ఉంటే పోయి వెనక కూర్చుంది. మలుపు వచ్చినప్పుడల్లా వంగి చెప్పు సవరించుకుంది. తిరిగొచ్చాక తనే ముందు దిగి, “ఇంకేం ఫర్వాలేదమ్మా, పాపని ఎక్కించుకోండి” అని మందుల షాపావిడకి చెప్పేసింది కూడా.

“మేస్త్రి గారి ముక్కంటే ముక్కే!” ఆవిడ పొంగిపోయింది. పాప కిటికీలోంచి చెయ్యి ఊపింది. మేస్త్రికి చెయ్యి లేవలేదు.

షట్టరు దించాక స్టూలు మీద కూలబడ్డాడు. భార్య టీ గ్లాసులు కడుగుతోంది.

“నేనిక ఈ పని మానేస్తానే” అన్నాడు. “రెండుసార్లు... ఆ పసిదానికేమైనా అయ్యుంటే? తప్పంతా నాదే.”

“మీదొక్కరిదే ఎలా అవుతుంది? నేను ఊరెళ్ళకుండా ఉండాల్సింది.”

“నువ్వేం చేశావు మధ్యలో?”

ఆవిడ గ్లాసు బోర్లించి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

“జ్వరం తగ్గిన రోజు మాడుకంపు కొట్టే పాలిస్తే కమ్మగా ఉన్నాయని తాగేశారే, అప్పటి నుంచి ఈ షెడ్డుకొచ్చే ప్రతి బండినీ వాసన చూస్తున్నది నేనే కదండీ!”