అల్లుడుగారు కూర్చున్న గేమ్

సోఫాలో కూర్చోగానే అల్లుడి కింద ఏదో పటుక్కుమంది. అతను మెల్లగా లేచి చూస్తే, మావగారి గేమ్ కన్సోల్. చేతిలో పట్టుకుని ఆడుకునేది. దాని అద్దం సాలెగూడులా బీటలు వారింది.

"పర్వాలేదులెండి," అన్నాడు మావగారు, ఎంతమాత్రమూ పర్వాలేదనిపించని గొంతుతో.

ఆన్ చేసి చూశారు. సముద్రపు హోరు, పక్షుల అరుపులు వినిపించాయి. బొమ్మ మాత్రం రాలేదు. మావగారు రిటైరైన స్టేషన్ మాస్టరు. రైళ్ళని వదిలాక ఆ ఆటలో ఓ రేవు కట్టుకున్నాడు. ఇప్పుడాయన ఓడలన్నీ ఆ చీకట్లో ఎక్కడో తేలుతున్నాయి.

రిపేరు షాపుకి పట్టుకెళ్తే, ఈ మోడల్‌కి స్క్రీన్లు రావడం మానేశాయన్నాడు షాపతను. "కొత్తది కొనుక్కోండి సార్."

"మరి నా ఓడలు?"

"అవి ఇందులోనే ఉండిపోతాయి."

ఇంటికొచ్చాక మావగారు సరిగ్గా అన్నం తినలేదు. అడిగితే ఆకలి లేదన్నాడు. కూతురు మొగుడి వైపు చూసింది.

"కూర్చున్నది మీరు. దాని సంగతి చూడాల్సిందీ మీరే."

అల్లుడు కళ్ళ డాక్టరు. చూపు పోయిన కేసుని చేతులెత్తేసి పంపడం అతనికీ నామోషీగానే ఉంది. ఇంటర్నెట్ అంతా గాలించి ఓ దారి పట్టుకొచ్చాడు.

"కంపెనీవాళ్ళు వేసిన ఫర్మ్‌వేర్, అంటే లోపల దీన్ని నడిపించే ప్రోగ్రాం, మార్చి, బయట ఎవరో రాసింది వేస్తే బొమ్మని టీవీలోకి పంపొచ్చట మావయ్యగారూ. మీ ఓడలు ఎక్కడివక్కడే ఉంటాయి."

"అది వెయ్యాలంటే ఏం నొక్కుతున్నామో కనపడాలి కదండీ?"

"నా దగ్గరా ఇలాంటిదే ఉందిగా. నేను నాదాంట్లో చూస్తూ నొక్కుతాను. మీరూ అదే నొక్కండి. రెండూ ఒకేలా నడుస్తాయి."

ఆ రెండూ కూతురే కొనిచ్చింది, మావా అల్లుళ్ళు కలిసి ఆడుకుంటూ నాలుగు మాటలు మాట్లాడుకుంటారని. అవి వచ్చాక ఉన్న రెండు మాటలూ ఆగిపోయాయి.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించిన మెమరీ కార్డులు రెండింట్లోనూ పెట్టారు. ఉన్న ఒక్క కేబులూ మావగారి కన్సోల్‌ నుంచి టీవీకి తగిలించారు. ఎదురెదురుగా కూర్చున్నారు.

"కిందకి రెండుసార్లు."

"కిందకి రెండు. నొక్కాను." ఎవరేం చెప్పినా తిరిగి అప్పజెప్పనిదే స్టేషన్ మాస్టరు పని చెయ్యడు.

"కుడికి ఒకటి."

"కుడికి ఒకటి. అల్లుడుగారూ, నా కుడివైపా, మీ కుడివైపా?"

అల్లుడు లేచి వెళ్ళి, సోఫా తడిమి చూసుకుని మరీ ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడేం కనిపిస్తోంది?" అన్నాడు అలవాటుకొద్దీ.

"ఏమీ కనిపించట్లేదండీ."

"క్షమించండి మావయ్యగారూ."

ఇంతలో వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "కాఫీ చల్లారిపోతోంది, వస్తారా రారా?"

మావగారు ఉలిక్కిపడ్డాడు. ఆయన చేతిలో టిక్కుమంది.

"ఏదైనా నొక్కారా?"

"నేను నొక్కలేదండీ. వేలు నొక్కింది."

"ఏ బటన్?"

"పైది."

అల్లుడు తనూ పైది నొక్కి ఆయన్ని అందుకున్నాడు. అందుకోగానే మొహం పాలిపోయింది.

"కదలకండి మావయ్యగారూ. ఉన్నదంతా చెరిపేయమంటారా అని అడుగుతోంది. ఎడమది నొక్కితే ఓడలు మునిగిపోయినట్టే. కుడిది నొక్కాలి."

మావగారు కన్సోల్‌ని గట్టిగా పట్టుకున్నాడు. "మనిద్దరికీ ఇప్పుడు కుడి ఒకటే కదండీ?"

"ఒకటే."

ఏమీ కనపడని తెర ముందు కూడా ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కాడు. లోపల సముద్రం హోరు ఆగలేదు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

ఆ తర్వాత ఒక్కో బటనే నొక్కుతూ ఫర్మ్‌వేర్ ఎక్కించారు. వేలికి మళ్ళీ పని తగులుతుందేమోనని కాఫీ కూడా అడగలేదు మావగారు.

"ఇక చివరిది," అన్నాడు అల్లుడు. "బొమ్మని టీవీకి మార్చేది. నొక్కండి."

"చివరిది. నొక్కాను."

టీవీ వెలిగింది. గోడంత సముద్రం. రేవులో ఓడలు బారులు తీరి ఉన్నాయి. కాఫీ తెస్తున్న అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయింది. మావగారు ఒక్కో ఓడనీ వేలితో చూపించి లెక్క సరిచూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

"చచ్చిపోయిందనుకున్న చూపు తెప్పించారండీ అల్లుడుగారూ," అన్నాడు.

"నాన్న మిమ్మల్ని మెచ్చుకోవడం ఇదే చూడ్డం," అంది భార్య మెల్లగా.

అల్లుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ సంతోషంలో తన కన్సోల్ వైపు చూసుకున్నాడు. ఓ బటన్ నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూసి గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యగారూ, ఆ కేబుల్ ఓసారి ఇస్తారా? మీతోపాటు నేనూ నొక్కేశాను. నా బొమ్మ కూడా టీవీకే మారిపోయినట్టుంది. ఇందులో ఏమీ కనిపించట్లేదు."

మావగారు అప్పుడే ఓ ఓడని రేవు దాటిస్తున్నాడు. టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"కేబుల్ దేనికండీ అల్లుడుగారూ. ఇప్పుడు నాకు కనిపిస్తోందిగా, నేను చెప్తుంటాను, మీరు నొక్కండి."