శుభ్రం చేసిన సన్నాయి

ముక్తేశ్వరంలో ప్రణీత్ వాళ్ల తాతగారి సన్నాయి రికార్డును కంప్యూటర్లో శుభ్రం చేయించి, ఊళ్లోవాళ్లను పిలిచి పెద్ద స్పీకర్లలో వినిపించాడు.

"గీతలూ చిటపటలూ ఒక్కటి కూడా లేవండి," అన్నాడు.

నిజమే. సన్నాయి ఒక్కటే ఖంగున పలికింది. చప్పట్లు కొట్టడానికే వచ్చినవాళ్లు కొట్టేశారు.

ముందు వరసలో బుల్లెమ్మ మాత్రం పాట అయిపోయినా చెవి ఒగ్గి వింటూనే ఉంది. చనిపోయిన ఆమె భర్త కూడా ఆ తాతగారి మేళంలోవాడే.

"ఎలా ఉందండి మామ్మగారూ?"

"బాగుంది బాబూ. పాత రికార్డు ఓసారి వేస్తారా?"

ప్రణీత్ నవ్వి గోడకేసి చూపించాడు. రికార్డుకి ముళ్లు బిగించి గడియారం చేయించాడు.

"దాంతో ఇంక పనేముందండి? పాట వెనకాల మొదట్నించి చివరిదాకా ఒకటే రొద. అది తీయించడానికే ఎక్కువ కష్టపడ్డామండి."

బుల్లెమ్మ చెంగు సర్దుకుని లేచింది.

"ఆ రొద మా ఆయన పట్టిన శ్రుతి, బాబూ. మీ తాతగారు ఊపిరి తీసుకోడానికి ఆగేవారు. మా ఆయన ఆగేవారు కాదు."