వదులు మూతలు

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నుంచి రిటైరయ్యాక నా పోరంతా మా ఇంటి మూతలతోనే. ఒక్కటీ బిగించి ఉండదు. ఇవాళ నూనె సీసా ఎత్తగానే మూత ఊడి నేలంతా నూనె.

"పోటీల బోనులో అంతమందిని లొంగదీశాను. నీచేత ఒక్క మూత గట్టిగా పెట్టించలేకపోతున్నాను," అంటూ మా ఆవిడ మీద ఇంతెత్తున లేచాను.

నేల తుడిచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోపం చల్లారక, ఇంకో రెండు అందామని వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. అటు తిరిగి, కొత్త తేనె సీసా మూతని పళ్లు బిగించి తిప్పుతోంది. అది టక్కుమని వదులైంది. తీయకుండా అలాగే ఉంచింది.

చప్పుడు చేయకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

సీసా తెచ్చింది. "నాకు రావట్లేదండీ. మీరు కాస్త తీసిపెట్టండి."

గుద్దులాటల్లో విరిగి అతికి, పట్టు తగ్గిన వేళ్లతో, బలమంతా పెట్టినట్టు తిప్పాను.

"ఎవడు బిగించాడే ఇంత గట్టిగా," అని విసుక్కున్నాను.