బిళ్ళ సెల్లు

“ఫోటోలు పంపొద్దని చెప్పినానా లేదా? తెర మీద ఏముందో అక్షరాల్లో పంపు. నీ చేతి వణుకు చూసి నేనేం చెప్పేది?”

టైటస్ ఈ తిట్టు కూడా చప్పుడు కాకుండా కొట్టాడు. కీల మీద వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కుతున్నాడు. పక్కనే మంచం మీద భార్య ఎలిశబెతు పడుకొని ఉంది.

లైనక్స్ కంప్యూటర్లు వాడే తెలుగువాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకునే గ్రూపు అది. అక్కడ అసలు పేర్లుండవు. టైటస్ పేరు చుక్కాని. ముత్తుకూరులో పదిహేనేళ్ళు కంప్యూటర్లు బాగుచేసి, కొట్టు మూసేసి ఊరికి వచ్చినవాడు. ఆ గ్రూపులో అతని వల్ల బాగుపడని మిషను లేదు, అతని చేత తిట్లు తినని మనిషీ లేడు.

ఈ పూట దొరికినవాడి పేరు ఉప్పుగాలి. కంప్యూటర్లో టైముకు దానంతట అదే మొదలు కావాల్సిన పని ఒకటి ఆగిపోయిందని పొద్దున్నే మొరపెట్టుకున్నాడు.

“తేదీ ఎంత చూపిస్తా ఉంది?” అని అడిగాడు అప్పుడు టైటస్.

“రెండువేల పదకొండు అన్నా.”

“నెట్ ఉందా దానికి?”

“లేదన్నా. నేను ఫోన్లోనించి అడగతా ఉండా.”

“లోపల బోర్డు మీద బిళ్ళ సెల్లు చచ్చింది. కరెంటు పోతే గడియారం వెనక్కి పోతుంది. దానికి ఇంకా రెండువేల పదకొండే. నీకు ఏ ఏడో తెలుసు గదా? కొత్త సెల్లు వెయ్, టైము సరిచెయ్.”

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. సెల్లు వేశాడట, తేదీ నిలబడిందట. అయినా పని మొదలు కాలేదట. దానికి సాక్ష్యంగానే ఈ మసక ఫోటో.

“కీబోర్డు మీద ఆ తెల్లపొడి ఏంది? పిండిమరలో పెట్టినావా?”

“సున్నం అన్నా. ఇక్కడ పనే అట్టాంటిది.”

‘వెల్ల వేసేవాడికి కంప్యూటరెందుకో’ అనుకున్నాడు టైటస్.

ఎలిశబెతు ఒత్తిగిలింది. “ఎవరినయ్యా తిడతా ఉండావు?”

“నిన్ను కాదులే. పడుకో.”

ఆమెకు నెల్లూరులో గుండె ఆపరేషనై నెల తిరగలేదు. నిద్రే మందని, ఉలికిపాటు మాత్రం కూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కానీ కంచె అవతల సుశీల్ కుమార్ రొయ్యల చెరువుంది. కొంగలు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా అతను గట్టు మీద గుంజ పాతి హారన్ కట్టాడు. దాంట్లోంచి రికార్డు చేసిన టపాకాయల మోత. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా ఉండుండి దానంతట అదే ఢామ్మని పేలేది. పేలినప్పుడల్లా ఎలిశబెతు గుండె పట్టుకొని లేచి కూర్చునేది.

సోమవారం నాడు టైటస్ ఆ చెరువు గట్టు మీదికి పోయాడు.

“మా ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంది. ఆపు దాన్ని.”

“కొంగలకు చెప్పు పో. అవి రాకుంటే నేనూ ఆపతా,” అన్నాడు సుశీల్ కుమార్, చెరువుకు తెచ్చిన మేత, సున్నం బస్తాలు దించుతూ.

“ఇంకోసారి మోగిందంటే ఆ గుంజ పీకి నీ నెత్తినే పాతుతా.”

ఆ సాయంత్రం గాలివాన కొట్టి కరెంటు పోయింది. మర్నాడు పొద్దున హారన్ మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. ఇవాళ శుక్రవారం.

“జడుసుకున్నాడే,” అన్నాడు టైటస్ భార్యతో. “నేను నోరు చేసుకుంటే ఎవడైనా అంతే.”

“పాపం, మన మాట ఆలకించినాడు గదా. పోయి ఒక మంచి మాట చెప్పి రారాదా?”

“మంచి మాటకు మళ్ళీ మోగతాది. గమ్మునుండు.”

మిగతా చప్పుళ్ళ సంగతి అతనే చూసుకున్నాడు. గేటు గొలుసుకు గుడ్డ చుట్టాడు. ఫోను గంట ఆపేశాడు. టిక్కుటిక్కుమంటోందని గోడగడియారం సెల్లు కూడా పీకి అలమారలో పడేశాడు. ఎలిశబెతు ముఖంలోకి ఇప్పుడిప్పుడే కళ వస్తోంది.

తెర మీద ఉప్పుగాలి మళ్ళీ వచ్చాడు. “అన్నా, ఉండావా?”

“చావలేదులే. టైముకు పనులు లేపేది క్రాన్. అది నడస్తా ఉందా?”

వెతికి చూసి జవాబిచ్చాడు. “ఆగిపోయి ఉందంటోంది. మొన్న గ్రూపులో ఎవరో ఆపి చూడమంటే ఆపినా.”

“ఎవడో చెప్తే నీ ఊపిరి కూడా ఆపుతావా? లేపు దాన్ని. మిషను లేచినప్పుడల్లా అదీ లేచేట్టు పెట్టు. ఎట్టనో కింద రాస్తా ఉండా. ఒక్క అక్షరం తప్పు కొట్టినావంటే నా దగ్గరికి రావద్దు.”

రాశాడు. అవతలివాడు కొట్టాడు. ఈసారి ఫోటో కాకుండా అక్షరాలే పంపాడు. క్రాన్ లేచింది.

“ఇప్పుడు నీ పనిని ఐదు గంటలకు పెట్టు. ఐదు కొట్టగానే మొదలైతే బాగైనట్టు.”

“పెట్టినా అన్నా. నువ్వు తిట్టినా మేలు చేసినావు. ఇంకో వారం ఇట్టనే ఉంటే నేను మునిగిపోయేవాణ్ణి.”

“పొగడ్తలు తర్వాత. ముందు మొదలు కానీ.”

అయినా టైటస్ మీసాల కింద చిన్న నవ్వు కదిలింది. తెర మూలన టైము నాలుగూ యాభై తొమ్మిది. ఎలిశబెతు గాఢనిద్రలో ఉంది. ఎప్పుడూ గుండె మీదుండే చెయ్యి ఇవాళ జారి పక్క మీద వాలింది. అతను లేచి, మునివేళ్ళ మీద నడిచి, దుప్పటి ఆమె భుజం దాకా లాగాడు. వచ్చి కూర్చున్నాడు.

తెర మీద ఐదయింది.

కంచె అవతల హారన్ ఢామ్మని పేలింది.